అడగకుండా పుట్టే లింకులు



పొద్దున్నే ఆఫీసుకు వెళ్లగానే ఎక్సెల్ ఫైలు తెరిచేవాళ్లు ఈ ప్రసంగం వింటున్నవారిలో చాలామందే ఉంటారు. ఫైలు తెరవగానే ఒక్కోసారి తెర మధ్యలో ఒక పెట్టె వస్తుంది. ఈ వర్క్‌బుక్‌లో బయటి ఫైళ్లకు లింకులు ఉన్నాయి, వాటిని అప్‌డేట్ చేయాలా వద్దా అని అడుగుతుంది. కింద ముఖ్యంగా రెండు బటన్లు ఉంటాయి. ఒకటి అప్‌డేట్, రెండోది డోంట్ అప్‌డేట్. అవతల బిల్లు వెళ్లాలి, పై అధికారి అడుగుతున్నారు, కరెంటు పోయేలా ఉంది. చెయ్యి అలవాటైన బటన్ మీదికి వెళ్లిపోతుంది. నేను ఇరవై రెండేళ్లుగా లెక్కల పనిలో ఉన్నాను. ఆ బటనే ఎందుకు నొక్కారని పక్క సీట్లవాళ్లను ఎన్నోసార్లు అడిగాను. 'ఎప్పుడూ అదే నొక్కుతానండీ' అన్నదే ఎక్కువగా విన్న జవాబు. 'అసలు ఈ ఫైల్లో నేను లింకే పెట్టలేదండీ' అన్నది ఆ తర్వాతి జవాబు. ఈ రెండో మాట నిజమే. వాళ్లు పెట్టలేదు. అయినా లింకు ఉంది. మనం పెట్టకుండానే ఒక ఫైలు ఇంకో ఫైలును ఎలా పట్టుకుంటుంది, పట్టుకుంటే ఏమవుతుంది, పట్టుకోకుండా ఎలా చూసుకోవాలి అన్నవి ఈ పూట చెబుతాను.

కొన్నేళ్ల కిందటి ఏప్రిల్ నెల. మా ఊరికి దగ్గరలోని ఒక హైస్కూల్లో తొమ్మిదో తరగతి క్లాస్ టీచర్ నాకు ఫోన్ చేశారు. 'మేడమ్, ఒకసారి రాగలరా? నా ఫైల్లో మార్కులు వాటంతట అవే మారిపోతున్నాయి' అన్నారు. ఎవరైనా మార్చారేమో చూశారా అని అడిగాను. 'ఎవరూ ముట్టుకోలేదు మేడమ్, పాస్‌వర్డ్ నా ఒక్కడికే తెలుసు' అన్నారు. గొంతులో భయం తెలుస్తోంది. పిల్లల మార్కుల మీద మాట పడితే మాస్టారికి ఎంత కష్టమో నాకు తెలుసు. సాయంత్రం వెళ్లాను.

సంగతి బయటపెట్టింది ఒక అమ్మాయి. ఏడాది చివర ఇచ్చే కార్డులో రెండు పరీక్షల మార్కులూ పక్కపక్కనే ఉంటాయి, ఎస్‌ఏ వన్, ఎస్‌ఏ టూ. లెక్కల్లో ఆ అమ్మాయికి మొదటి దాంట్లో 61, రెండో దాంట్లో 61 అని ఉంది. ఆ పిల్ల గొడవేమీ చేయలేదు. ఇంటి నుంచి పాత కార్డు తెచ్చి బల్ల మీద పెట్టి, 'సార్, అప్పుడు నాకు 78 అని ఇచ్చారు' అని నిలబడిందట. ఆ కార్డు నేనూ చూశాను. లెక్కల ఎదురుగా 78, కింద వాళ్ల నాన్నగారి సంతకం.

ఫైలు తెరిచి లెక్కల రెండు కాలమ్‌లనూ పైనుంచి కిందికి చూశాను. తరగతిలో 42 మంది పిల్లలు. ఒక్కరికి కూడా రెండు పరీక్షల మధ్య ఒక్క మార్కు తేడా లేదు. తెలుగు, ఇంగ్లీషు, సైన్సు, సోషల్ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. లెక్కల్లో మాత్రమే ఇలా ఉంది. అప్పుడు ఆ అమ్మాయి వరుసలో 61 ఉన్న సెల్ మీద కర్సర్ పెట్టి పైన ఫార్ములా బార్ వైపు చూశాను. మాస్టారు కూడా వంగి చూశారు. అక్కడ 61 అనే అంకె లేదు. లెక్కల మాస్టారి ఫైలు పేరు ఉంది.

జరిగిందేమిటంటే, మిగతా సబ్జెక్టులవాళ్లు మార్కులు కాగితం మీద రాసి ఇస్తే క్లాస్ టీచర్ టైపు చేసుకున్నారు. లెక్కల మాస్టారు మాత్రం ఎక్సెల్లో ఇచ్చారు. ఆయన ఫైల్లో మూడు షీట్లు. మొదటి దాంట్లో 80కి పేపరు మార్కులు, రెండో దాంట్లో 20కి ఇంటర్నల్స్, మూడో దాంట్లో ఆ రెండూ కలిపిన మొత్తం. క్లాస్ టీచర్‌కు కావలసింది మొత్తమే కదా. మూడో షీటు ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేసి, మూవ్ ఆర్ కాపీ నొక్కి, ఆ ఒక్క షీటును తన ఫైల్లోకి తెచ్చుకున్నారు. తెరమీద 78 కనిపించింది. 62కు 16 కలిపితే 78. అంతా సరిపోయింది, కార్డులు ప్రింటయ్యాయి, సంతకాలయ్యాయి.

కానీ ఆ మూడో షీటులో ఉన్నది 78 అనే అంకె కాదు, పేపరు షీటులోని ఫలానా సెల్‌ను, ఇంటర్నల్స్ షీటులోని ఫలానా సెల్‌ను కలపమనే ఫార్ములా. షీటు ఇవతలికి వచ్చేసింది, అది చదివే రెండు షీట్లూ అవతలి ఫైల్లోనే ఉండిపోయాయి. దాంతో ఫార్ములా వాటి కోసం అవతలి ఫైలు దాకా వెళ్లి చూడటం మొదలుపెట్టింది. అదే లింకు. ఏప్రిల్లో లెక్కల మాస్టారు అదే ఫైల్లో, అవే సెల్స్‌లో, కొత్త పరీక్ష మార్కులు వేసుకున్నారు. 62 ఉన్నచోట 44 వచ్చింది, 16 ఉన్నచోట 17. ఆయన చేసినదాంట్లో తప్పేమీ లేదు, అది ఆయన సొంత ఫైలు. ఇక్కడ క్లాస్ టీచర్ తన ఫైలు తెరిచి, పెట్టె రాగానే అప్‌డేట్ నొక్కారు. ఆరు నెలల కిందటి పరీక్ష మార్కులు ఆ క్షణంలో మారిపోయాయి.

ఎస్‌ఏ వన్ మార్కులు ఏ ఫైల్లోనూ మిగల్లేదు. లెక్కల మాస్టారికి మార్కులు మొదట రిజిస్టరులో పెన్నుతో రాసుకునే అలవాటు ఉండబట్టి సరిపోయింది. ఆ రాత్రి ఆయన ఒక్కో పేరూ చదువుతుంటే క్లాస్ టీచర్ 42 మంది మార్కులూ మళ్లీ టైపు చేశారు.

లింకును గుర్తుపట్టడం కష్టం కాదు. సెల్ మీద నిలబడితే ఫార్ములా బార్‌లో ఈక్వల్ టు గుర్తు తర్వాత చదరపు బ్రాకెట్ల మధ్య ఒక ఫైలు పేరు కనిపిస్తుంది. దాని వెనక షీటు పేరు, ఒక ఆశ్చర్యార్థకం గుర్తు, సెల్ నంబరు ఉంటాయి. ఆ రెండో ఫైలు మూసి ఉంటే ముందు సి డ్రైవ్ నుంచో డి డ్రైవ్ నుంచో దారి మొత్తం కనిపిస్తుంది, ఏ ఫోల్డరు, అందులో ఏ ఫోల్డరు అని. చదరపు బ్రాకెట్లు ఎక్సెల్ టేబుల్స్‌లో కూడా వస్తాయి కాబట్టి బ్రాకెట్ కనిపించిన ప్రతిచోటా కంగారు పడనక్కర్లేదు. బ్రాకెట్ల మధ్య డాట్ ఎక్స్ ఎల్ ఎస్ ఎక్స్ అని ఉంటే మాత్రం అది బయటి ఫైలే.

ఈ ఏర్పాటు ఎందుకు ఉందో కూడా చెప్పాలి. ఎక్సెల్ మొదట 1985లో మ్యాకింటాష్ కంప్యూటర్ల మీద, 1987లో విండోస్ మీద వచ్చింది. ఆ తొలి రోజుల్లో ఒక షీటు అంటే ఒక ఫైలే. జనవరి లెక్క ఒక ఫైలు, ఫిబ్రవరి లెక్క ఇంకొకటి. వాటిని కలపాలంటే లింకు తప్ప దారి లేదు. ఒకే ఫైల్లో ఎన్నో షీట్లు పెట్టుకునే ఇప్పటి పద్ధతి 1993లో వచ్చిన ఎక్సెల్ 5తో స్థిరపడింది. అవసరం తగ్గినా పాత అలవాటు మిగిలింది. షీటును బయటికి తీసుకెళ్తే ఫార్ములా తెగిపోకుండా పాత ఫైలుతో లింకు నిలుపుకోవడమే మేలని ఆ ప్రోగ్రాం అనుకుంటుంది. దాని వైపు నుంచి చూస్తే అది సాయమే. మనల్ని ఒక్క మాట అడగకుండా చేయడమే నాకు నచ్చని విషయం. గూగుల్ షీట్స్‌లో ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలుకు అంకెలు తేవాలంటే ఇంపోర్ట్ రేంజ్ అనే ఫార్ములా మనమే రాయాలి. మొదటిసారి అది అనుమతి అడుగుతుంది, అలో యాక్సెస్ నొక్కితేనే అంకె వస్తుంది. ఆ పద్ధతే న్యాయమని నా అభిప్రాయం.

ఇలాంటి లింకులు ఏయే దారుల్లో వస్తాయో చూద్దాం. మూవ్ ఆర్ కాపీ దారి బడి ఉదంతంలో విన్నారు. అందులోనే ఇంకో చిక్కు ఉంది. ఆ పెట్టెలో క్రియేట్ ఎ కాపీ అని ఒక చిన్న టిక్కు ఉంటుంది. అది పెట్టడం మరిచిపోతే షీటు కాపీ కాదు, మొత్తంగా తరలిపోతుంది. అప్పుడు పాత ఫైల్లో దాని మీద ఆధారపడిన ఫార్ములాలన్నీ కొత్త ఫైలు వైపు చూడటం మొదలుపెడతాయి. ఒక టిక్కు మరిచినందుకు లింకు రెండు వైపులా పుడుతుంది.

రెండోది, రెండు ఫైళ్లు తెరిచి పెట్టుకుని పని చేయడం. ఒక సెల్‌లో ఈక్వల్ టు కొట్టి, ఏ షీటులో ఉన్నామో చూసుకోకుండా పక్క ఫైల్లోని సెల్ మీద క్లిక్ చేసి ఎంటర్ కొడతాం. కిందటి ఏడాది ఫైలూ, ఈ ఏడాది ఫైలూ చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, ఏది ఏదో తెలియదు. దీన్ని పట్టుకోవడానికి ఒక గుర్తు చెబుతాను. ఇలా వేరే ఫైల్లో క్లిక్ చేస్తే ఎక్సెల్ ఆ సెల్ నంబరుకు తనంతట తానే డాలర్ గుర్తులు తగిలిస్తుంది. సొంత ఫైల్లో క్లిక్ చేస్తే తగిలించదు. డాలర్ ఉంటే ఆ చిరునామా కదలదు. కాబట్టి ఫార్ములాను కిందికి లాగితే వరుసకో అంకె రావలసింది పోయి, ఒకే అంకె పైనుంచి కింది దాకా దిగుతుంది. మీ కాలమ్‌లో ఒకే సంఖ్య అలా వరుసగా కనిపిస్తే మొదట ఫార్ములా బార్ చూడండి.

మూడోది పేర్ల దారి. కొన్ని ఫైళ్లలో సెల్స్‌కు పేర్లు పెట్టి ఉంటాయి, డీఏ రేటు అనో, హెచ్‌ఆర్‌ఏ అనో. ఆ షీటును కాపీ చేసేటప్పుడు ఈ పేరు ఇప్పటికే ఉంది, అదే వాడమంటారా అని ఒక ప్రశ్న వస్తుంది. ఒకటి కాదు, పాత వెర్షన్లలో ఇరవై పేర్లుంటే ఇరవై సార్లు అడుగుతుంది. మూడోసారికి ఎవరూ చదవరు, యస్ యస్ అని కొట్టుకుంటూ పోతారు. ఇలా షీటుతో పాటు వచ్చే పేర్లలో కొన్ని వెనకటి ఫైలునే పట్టుకుని ఉండిపోతాయి. ఏ సెల్‌లోనూ కనిపించని లింకులు చాలావరకు ఇవే.

నాలుగోది మన దగ్గర మరీ ఎక్కువ. రూపాయలను అక్షరాల్లో రాయడం. బిల్లు కింద ఇన్ని లక్షల ఇన్ని వేల రూపాయలు మాత్రమే అని రావాలి. ఎక్సెల్లో లక్షలు, కోట్లతో అలా రాసిపెట్టే ఫంక్షన్ లేదు. అందుకని ఎవరో రాసిన మ్యాక్రోను ఒక యాడ్ఇన్‌గా తమ కంప్యూటర్లో పెట్టుకుంటారు. ఆ బిల్లు ఫైలు ఇంకో కంప్యూటర్లో తెరిస్తే ఆ ఫంక్షన్ పేరు ముందు మొదటి మనిషి కంప్యూటర్ దారి మొత్తం ప్రత్యక్షమవుతుంది, అక్షరాలు రావలసిన చోట నేమ్ ఎర్రర్ వస్తుంది. ప్రతి ఏటా జనవరి, ఫిబ్రవరి వచ్చేసరికి మన టీచర్లు తయారుచేసిన ఇన్‌కం టాక్స్ ఎక్సెల్ ఫైళ్లు, డీఏ అరియర్ల ఫైళ్లు వాట్సాప్‌లో జిల్లాలు దాటి తిరుగుతాయి. ఎంతో ఓపికతో, డబ్బు తీసుకోకుండా చేసిపెడతారు, వాళ్లంటే నాకు గౌరవం. వాళ్లకు నా మనవి ఒక్కటే. ఫైలు బయటికి పంపే ముందు ఇంకో కంప్యూటర్లో ఒకసారి తెరిచి చూడండి.

లింకు కుదురుగా ఒకచోట ఉండదని కూడా తెలుసుకోవాలి. రెండు ఫైళ్లూ ఒకే ఫోల్డరులో ఉంటే ఎక్సెల్ దారిని ఆ ఫోల్డరు లెక్కన గుర్తుపెట్టుకుంటుంది. ఫోల్డరు మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే, కాపీలోని ఫైలు కాపీలోని రెండో ఫైలునే చూస్తుంది. ఇది మంచికే. కానీ రెండు ఫైళ్లూ తెరిచి ఉండగా, అంకెలు ఇచ్చే ఫైలును సేవ్ యాజ్ చేసి మే నెల పేరు పెట్టారనుకోండి. రెండో ఫైల్లోని లింకు ఏప్రిల్ను వదిలేసి మే వెంట పోతుంది. మీరు ఏప్రిల్ నివేదిక అనుకుంటున్నది మే అంకెలు చూపిస్తుంది. అందుకే నేను సేవ్ యాజ్ చేసే ముందు మిగతా ఫైళ్లన్నీ మూసేస్తాను. ఎంత తొందరలో ఉన్నా సరే.

ఇక్కడ నాకు ముఖ్యమనిపించిన మాట చెబుతాను. లింకు తెగితే అందరికీ తెలుస్తుంది. ఫైలు దొరకలేదని పెట్టె వస్తుంది, సెల్స్‌లో ఒక్కోసారి రెఫ్ ఎర్రర్ వస్తుంది, మనిషి లేచి ఎవరినో పిలుస్తాడు. తెగకుండా చక్కగా పనిచేస్తున్న లింకుతోనే ప్రమాదం. పాత ఫైలు అదే కంప్యూటర్లో, అదే ఫోల్డరులో ఉంది. లింకుకు అడిగింది దొరుకుతోంది. తెచ్చి పెడుతోంది. సెల్‌లో వచ్చేది ఎర్రర్ కాదు, నమ్మదగిన అంకె. ఆ అమ్మాయికి కార్డులో రెఫ్ అని పడి ఉంటే అది ప్రింటుకే వెళ్లేది కాదు. 61 అనేది ఏ పిల్లకైనా రాగల మార్కే. అందుకే ఎవరూ ఆగి చూడలేదు.

రెండో ప్రమాదం రహస్యానికి సంబంధించింది. రెండో ఫైలు లేకపోయినా పాత అంకెలు తెరమీద కనిపిస్తుంటాయి, గమనించారా? అది ఎలాగంటే, లింకు తెచ్చిన విలువలను ఎక్సెల్ మీ ఫైల్లోనే దాచిపెట్టుకుంటుంది. ఫైల్ ఆప్షన్స్‌లో, అడ్వాన్స్‌డ్ కింద సేవ్ ఎక్స్‌టర్నల్ లింక్ వాల్యూస్ అనే టిక్కు మామూలుగా పెట్టే ఉంటుంది. ఇప్పుడు ఒక జీతాల ఫైలు ఊహించండి. అందులో పేరు, బ్యాంకు ఖాతా, మూల వేతనం, కోతలు అన్నీ ఉన్నాయి. మీరు ఇంకో ఫైల్లో వీలుకప్ రాసి, ఆ పట్టిక మొత్తాన్ని చూపించి, అందులోంచి ఒక్క హోదా మాత్రం తెచ్చుకున్నారు. తెరమీద హోదానే కనిపిస్తుంది. ఫైలు లోపల మీరు చూపించిన పట్టిక మొత్తం చేరి ఉండవచ్చు. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ ఫైలు. పేరు చివర జిప్ అని మార్చి తెరిస్తే ఎక్స్‌టర్నల్ లింక్స్ అనే ఫోల్డరు కనిపిస్తుంది, అందులో ఆ విలువలు చదవగలిగేలా ఉంటాయి. ఆ ఫైలును మీరు మెయిల్లో పంపితే హోదాతో పాటు జీతాలు కూడా పంపినట్టే.

తెరమీద కనిపించనిది ఫైల్లో లేదనుకోవడం ఎంత దూరం తీసుకెళ్తుందో ఉత్తర ఐర్లండ్ పోలీసు శాఖ చూసింది. 2023 ఆగస్టులో సమాచార హక్కు కింద ఒకరు అడిగిన ప్రశ్నకు ఆ శాఖ ఒక ఎక్సెల్ ఫైలు ఇచ్చింది. అడిగింది అంకెలే. ఫైల్లో మాత్రం దాచిన షీటు ఒకటి మిగిలిపోయింది. 9,483 మంది అధికారుల, సిబ్బంది ఇంటిపేర్లు, హోదాలు, పనిచేసే చోట్లు అందులో ఉన్నాయి. పోలీసుల మీద దాడులు జరిగే ప్రాంతం అది. ఎన్నో కుటుంబాలు భయంతో బతకాల్సి వచ్చింది. బ్రిటన్ సమాచార కమిషనర్ ఆ శాఖకు 7,50,000 పౌండ్ల జరిమానా వేశారు. అక్కడ మిగిలిపోయింది లింకు కాదు, షీటు. లింకు వెంట దాగి వచ్చే విలువలు దానికంటే కనిపించని చోట ఉంటాయి కాబట్టి ఈ ఉదంతం చెప్పాను.

అయితే లింకులన్నీ తీసేసి అంకెలు చేత్తో కాపీ చేసుకుంటే క్షేమమా? కాదు. జేపీ మోర్గాన్ బ్యాంకుకు 2012లో లండన్ ఆఫీసు లావాదేవీల్లో 620 కోట్ల డాలర్ల నష్టం వచ్చింది. ఆ నష్టానికి కారణాలు చాలా ఉన్నాయి. 2013 జనవరిలో ఆ బ్యాంకే వేసిన విచారణ నివేదికలో ఒక సంగతి బయటపడింది. నష్టం ఎంత రావచ్చో అంచనా కట్టే లెక్క వరుసగా కొన్ని ఎక్సెల్ షీట్ల మీద నడిచేది. ఒక షీటులోంచి ఇంకో షీటులోకి అంకెలను మనుషులు కాపీ చేసి పేస్ట్ చేసేవాళ్లు. ఒకచోట సగటుతో భాగించాల్సింది మొత్తంతో భాగించారు. ప్రమాదం ఉన్నదానికంటే తక్కువగా కనిపించింది. చేత్తో తెచ్చినా, లింకుతో తెచ్చినా, ఈ అంకె ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే చూపించగలగాలి. అసలు విషయం అది.

మన పెద్దవాళ్లకు ఇది కొత్త కాదు. మా తాతగారి కాలంలో కొట్టు లెక్కలకు చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు ఉండేవి. ఏ రోజు పద్దు ఆ రోజు చిట్టాలో రాసేవారు. దాన్ని మనిషి పేరు మీద ఆవర్జాలోకి ఎక్కించేటప్పుడు పక్కన చిట్టా పుట నంబరు వేసేవారు. అదీ లింకే. కాకపోతే కంటికి కనిపించే లింకు, ఒకరు తెలిసి తెలిసి తన చేత్తో రాసిన లింకు. చిట్టాలో తర్వాత ఏం రాసినా ఆవర్జాలో అంకె దానంతటది మారదు. నేను నా ఫైళ్లలో ఆ పుట నంబరునే మళ్లీ తెచ్చుకున్నాను. బయటినుంచి తెచ్చిన ప్రతి అంకె పక్కన ఒక సెల్‌లో ఏ ఫైలు, ఏ షీటు, ఏ తేదీన తెచ్చాను అని రాస్తాను. నిమిషం కూడా పట్టదు.

ఇక తెచ్చే పద్ధతి. అంకె మాత్రమే కావాలంటే కంట్రోల్ వీ కొట్టకండి. కంట్రోల్, ఆల్ట్, వీ కలిపి నొక్కితే పేస్ట్ స్పెషల్ పెట్టె వస్తుంది, అందులో వాల్యూస్ ఎంచుకోండి. కొత్త వెర్షన్లలో కంట్రోల్, షిఫ్ట్, వీ చాలు. ఫార్ములా రాదు, అంకె మాత్రమే వస్తుంది. బడిలో క్లాస్ టీచర్ చేయాల్సింది ఇదే. ఫార్ములాలతో సహా కావాలంటే ఒక్క షీటు తేకండి. కంట్రోల్ నొక్కి పట్టుకుని దానికి సంబంధించిన షీట్ల ట్యాబ్‌లన్నీ ఎంచుకుని, అన్నిటినీ ఒకేసారి కాపీ చేయండి. అప్పుడు వాటి మధ్య ఫార్ములాలు కొత్త ఫైల్లోనే ఒకదాన్నొకటి చూసుకుంటాయి. కొత్త ఏడాది ఫైలు కావాలంటే మొత్తం ఫైలును సేవ్ యాజ్ చేసి, పాత అంకెలు తుడిచి వాడుకోండి. పది బ్రాంచీల లెక్కలు ఒకచోట చేర్చేవాళ్లకు లింకులు నిజంగా అవసరమే. వాళ్లు బయటి అంకెలన్నీ ఒకే ఒక షీటులోకి దింపుకుని, మిగతా షీట్లు ఆ షీటునే చదివేలా పెట్టుకుంటే, వెతకాల్సి వచ్చినప్పుడు ఒకచోట వెతికితే చాలు.

ఇప్పటికే పట్టుకున్న లింకులను వదిలించడం కొంచెం ఓపిక పని. ముందు ఫైలుకు ఒక కాపీ తీసి పక్కన పెట్టండి. ఇది మరవకండి, ఎందుకంటే బ్రేక్ లింక్ నొక్కాక వెనక్కి రావడానికి అన్‌డూ పనిచేయదు. డేటా ట్యాబ్‌లో ఎడిట్ లింక్స్ ఉంటుంది, కొత్త వెర్షన్లలో దాని పేరు వర్క్‌బుక్ లింక్స్. ఏ ఫైళ్లతో సంబంధం ఉందో అక్కడ జాబితా కనిపిస్తుంది. బ్రేక్ లింక్ నొక్కితే ఫార్ములా పోయి అప్పటి అంకె నిలిచిపోతుంది. ఆ అంకె సరైనదో కాదో నొక్కే ముందే చూసుకోవాలి, లేకపోతే తప్పు అంకె శాశ్వతమైపోతుంది. ఫార్ములా బతికి ఉండాలి, సొంత షీటునే చూడాలి అనుకుంటే ఛేంజ్ సోర్స్ నొక్కి, బయటి ఫైలు బదులు ఈ ఫైలునే చూపించండి. అవే పేర్లతో షీట్లు ఇందులో ఉంటే ఫార్ములాలన్నీ లోపలికి తిరిగిపోతాయి. ఇది తెలియక ఎంతోమంది వందల ఫార్ములాలు మళ్లీ రాసుకోవడం చూశాను.

బ్రేక్ చేసినా పెట్టె వస్తూనే ఉంటే లింకు సెల్స్‌లో లేదని అర్థం. కంట్రోల్ ఎఫ్ త్రీ నొక్కితే నేమ్ మేనేజర్ వస్తుంది. అందులో వేరే ఫైలు దారి ఉన్న పేర్లు వెతికి, వాడుకలో లేవని చూసుకుని తీసేయండి. అక్కడా లేకపోతే డేటా వ్యాలిడేషన్ జాబితాలు, కండిషనల్ ఫార్మాటింగ్, చార్టులు, మ్యాక్రో తగిలించిన బటన్లు చూడాలి. ఆ పెట్టె ఇక రాకుండా ఆపేసే ఆప్షన్ కూడా ఒకటి ఉంది. దయచేసి దాన్ని మందు అనుకోకండి. పెట్టె రావడం ఆగిపోతుంది, లింకు అలాగే ఉంటుంది.

ఆ క్లాస్ టీచర్ గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. 42 కార్డులూ మళ్లీ ప్రింట్ తీసి, ఆ అమ్మాయిని పిలిచి, 78 ఉన్న కార్డు తన చేతికి ఇచ్చి, పొరపాటు మాదేనమ్మా అని చెప్పారట. తర్వాతి ఏడాది ఎస్‌ఏ వన్ మార్కులు వేశాక ఆయన నాకు ఫోన్ చేశారు. ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, లెక్కల మాస్టారి ఫైలు లేని కంప్యూటర్ కావాలని పక్క ఊరి బడి దాకా వెళ్లి తెరిచి చూశారట. 'పెట్టె రాలేదు మేడమ్. అందరివీ రిజిస్టరుతో సరిచూశాను' అన్నారు.